కోయలో ‘ఏరు’ అంటే నీళ్లు



నర్సరీలో చేరిన కోయ పాప ‘ఏరు’ అంటే, తెలుగు మాత్రమే తెలిసిన టీచరుకు వాగు గుర్తొస్తుంది. కోయభాషలో ఏరు అంటే నీళ్లు. పాపకు దాహం వేసింది, అంతే!

మహబూబాబాద్ తండాల్లో ఇంటి భాష గోర్ బోలి. అక్కడ అమ్మ అంటే ‘యాడి’. గంగారం, కొత్తగూడ మండలాల్లో కోయ వినిపిస్తుంది. జనగామ, భూపాలపల్లిలోనూ ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాష ఉన్న పిల్లలున్నారు. అలాంటి బిడ్డ మౌనంగా ఉంటే ‘చదువు రాదు’ అనుకోవడం తొందరపాటు. 2020 జాతీయ విద్యావిధానం వీలైనచోట కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలో బోధించాలంటోంది. ఇంగ్లిష్ మీడియంలోనూ మొదటి మెట్టు ఇంటి మాటే.

రేపు మన పిల్లలే అమెరికాకో జర్మనీకో చదువుకోవడానికి వెళ్లవచ్చు. ఇక్కడ పెద్దల ముందు తల దించుకోవడం మర్యాద. అక్కడ కళ్లలోకి చూడకపోతే ఏదో దాస్తున్నారనుకోవచ్చు. అప్పుడు అక్కడి టీచరు కాస్త ఆగి, మన బిడ్డను అర్థం చేసుకోవాలని కోరుకుంటాం కదా! ఆ ఓపిక ఇక్కడ మనం చూపిద్దాం.

మీరు చేయగలిగినవి:

• నీళ్లు, ఆకలి, నొప్పి, బాత్‌రూమ్‌కు మీ ఇంట్లో వాడే మాటలు రాసి మొదటి వారమే క్లాస్ టీచరుకు ఇవ్వండి.

• ఇంగ్లిష్ రావాలని ఇంటి భాష మానేయకండి.

• తోటివారి యాసను వెక్కిరించవద్దని పిల్లలకు చెప్పండి. స్నేహితుడి భాషలో రోజుకో మాట నేర్చుకోమనండి.

ఈరోజు రాత్రి భోజనాల దగ్గర అడగండి: “మీ ఫ్రెండ్ వాళ్లింట్లో నీళ్లను ఏమంటారు?”