ముక్కు మూసుకుందా... మూలం వెతకండి!

రాత్రి పడుకోగానే ముక్కు దిబ్బడ. నోటితో గాలి పీల్చీ పీల్చీ తెల్లారేసరికి గొంతు ఎండిపోతుంది. మందుల షాపులో అడిగితే చిన్న సీసా చేతిలో పెడతారు. రెండు చుక్కలు వేస్తే ఐదు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది. అలా వారం, నెల... చివరికి ఆ సీసా లేనిదే నిద్ర పట్టదు!

నిజానికి ఆ చుక్కలను వారానికి మించి వాడకూడదు. వాటి ప్రభావం తగ్గగానే ముక్కు లోపలి పొర మునుపటికంటే ఎక్కువగా వాస్తుంది. అప్పుడిక మందే జబ్బు అవుతుంది.

కర్నూలు జిల్లా ఆలూరు లాంటి మెట్ట ప్రాంతంలో ముక్కుకు పరీక్షలు ఎక్కువే. ఎండు గాలి, పత్తి దుమ్ము, మిరప ఘాటు, పొలం గట్ల మీద వయ్యారిభామ పుప్పొడి. వరుస తుమ్ములు, నీళ్లు కారడం, కళ్లు దురద పెట్టడం ఉంటే ఎలర్జీని అనుమానించాలి. ఏ పని చేసినప్పుడు, ఏ నెలలో ఎక్కువవుతోందో రాసిపెట్టుకుంటే డాక్టరుకు సగం పని తప్పుతుంది.

ఒక పక్కా... రెండు పక్కలా?

మొదట తేల్చుకోవాల్సింది ఇది. ఆరోగ్యవంతుల్లోనూ కొన్ని గంటలు ఒక రంధ్రం, కొన్ని గంటలు మరో రంధ్రం కాస్త బిగుస్తుంటాయి. జర్మన్ వైద్యుడు కైజర్ 1895లోనే ఈ సంగతి రాశాడు. కాబట్టి పక్కలు మారుతుంటే కంగారు పడక్కర్లేదు. ఎప్పుడూ ఒకే పక్క మూసుకుంటే మాత్రం చూపించుకోవాలి. ముక్కుదూలం వంకర కావచ్చు. పసిపిల్లల్లో ఒక పక్క నుంచే దుర్వాసనతో చీమిడి కారుతుంటే లోపల వేరుశనగ గింజో, పూసో ఇరుక్కుందేమో చూడాలి. బిళ్లలాంటి చిన్న బ్యాటరీ అయితే గంటల్లోనే పొరను కాల్చేస్తుంది. వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

పెద్దవాళ్లకు ఒకే పక్క దిబ్బడతో పాటు రక్తం పడుతుంటే అసలు ఆలస్యం చేయకూడదు. గడ్డ ఏదైనా ఉందేమో తేల్చుకోవాలి. చెరువులు, కుంటల్లో మునిగేవారికి వచ్చే రైనోస్పోరిడియోసిస్ కూడా అలాంటిదే. ముక్కులో స్ట్రాబెర్రీలాంటి ఎర్రటి కండ పెరుగుతుంది. ముట్టుకుంటే రక్తం. ప్రపంచంలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించేది మన దేశంలోనూ, శ్రీలంకలోనూ. కండను కోసి, మొదలును కాల్చాలి. చుక్కలతో తగ్గదు.

పీనసం... ఒక వింత బాధ

అన్నిటికంటే ఎక్కువ మనోవేదన పెట్టేది పీనసం. ఎండు, వేడి ప్రాంతాల్లో, అందులోనూ వయసులో ఉన్న ఆడపిల్లల్లో ఎక్కువ. ముక్కు లోపలి పొర కృశించి, పక్కులు కట్టి, దుర్వాసన వస్తుంది. ఆ వాసన పక్కవాళ్లకే తెలుస్తుంది. వాసన పట్టే శక్తి పోవడంతో రోగికి తెలియదు. బడిలో బెంచీ మీద పక్కన ఎవరూ కూర్చోరు. పెళ్లిచూపులంటే ఇంట్లో గుబులు. పిల్లకు శుభ్రత లేదని తిట్టే అమ్మలూ ఉన్నారు. పాపం, తప్పు పిల్లది కాదు.

విచిత్రమేమంటే ఈ పిల్లలూ 'ముక్కు మూసుకుపోయింది, ఊపిరాడటం లేదు' అనే అంటారు. చల్లని లోహపు రేకును ముక్కు కింద పెడితే రెండు పక్కలా ఆవిరి బాగానే పడుతుంది. పక్కులు తీసి చూస్తే లోపల గుహంత ఖాళీ! గాలి వెళుతూనే ఉంటుంది. ఆ స్పర్శను గుర్తించే నరాల కొసలు దెబ్బతినడంతో వెళ్లినట్టు అనిపించదు. ఇలాంటివారికి దిబ్బడ తగ్గించే చుక్కలు వేస్తే ఉన్న తడి కూడా ఆరిపోతుంది.

పీనసానికి అసలు కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. పోషకాహార లోపం, రక్తహీనత, వంశపారంపర్యం, క్లెబ్సియెల్లా జాతి బ్యాక్టీరియా... అన్నిటి మీదా అనుమానమే. కుష్ఠు, క్షయ వల్ల కూడా ముక్కు ఇలాగే పాడవుతుంది. అందుకే ముందు అవి లేవని తేల్చుకుంటారు. ఆలూరు వారికి ఆదోని దగ్గర. పెద్ద పరీక్షలకు కర్నూలు, బళ్లారి ఆస్పత్రులున్నాయి. ఎండోస్కోపు గొట్టంతో లోపలంతా కొద్ది నిమిషాల్లో చూడొచ్చు.

కాచి చల్లార్చిన గోరువెచ్చని నీళ్లలో డాక్టరు చెప్పిన కొలతలో ఉప్పు, సోడా కలిపి రోజూ ముక్కు కడుక్కోవాలి. పక్కులు మెత్తబడి వస్తాయి. తర్వాత గ్లూకోజ్ కలిపిన గ్లిజరిన్ చుక్కలు. ఈ పని నెలల తరబడి సాగాలి. మానేస్తే వాసన మళ్లీ మొదలు. అప్పటికీ లొంగకపోతే యంగ్ అనే సర్జన్ పేరుతో ఒక ఆపరేషన్ ఉంది. ఊపిరాడటం లేదని వచ్చినవారి ముక్కు రంధ్రాన్ని కుట్టి మూసేస్తారు! ఎండు గాలి తగలకుండా ఉంటే పొర కోలుకుంటుంది. నెలలో, ఏళ్లో గడిచాక మళ్లీ తెరుస్తారు.