ఎవరి ఊపిరితో పోల్చాలి?

ఊపిరితిత్తుల పరీక్ష గదిలో యంత్రం చప్పుడు చెయ్యదు. టెక్నీషియన్ చేస్తాడు. ముక్కుకు క్లిప్పు తగిలించి, నోట్లో అట్టగొట్టం పెట్టి, "పీల్చండి, బాగా పీల్చండి... ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా" అని అరుస్తాడు. పాతబస్తీ నుంచి వచ్చినవాళ్ళకు అదే అరుపు దక్కనీలో వినిపిస్తుంది: "ఫూంకో అమ్మా, జోర్‌సే, ఔర్, ఔర్!" ఆరు సెకన్లు వదలకుండా ఊదాలి. మూడుసార్లయినా సరిగ్గా రావాలి. వాటిలో పెద్దవి రెండింటికీ 150 మిల్లీలీటర్లకు మించి తేడా ఉంటే మళ్ళీ మొదటికి. చివరికి చేతికొచ్చే కాగితంలో మూడు వరసలుంటాయి. మీరు ఊదినది, మీరు ఊదాల్సినది, రెండోదాంట్లో మొదటిది ఎంత శాతమో. మొదటి వరసను యంత్రం కొలిచింది. రెండోదాన్ని ఎక్కడినుంచో తెచ్చి పెట్టుకుంది. తగాదా అంతా ఆ రెండో వరసతోనే.

స్పైరోమీటర్ అనే ఈ యంత్రాన్ని వాడుకలోకి తెచ్చినవాడు జాన్ హచిన్‌సన్ అనే ఇంగ్లండు వైద్యుడు. నీళ్ళతొట్టిలో బోర్లించిన రేకుడబ్బా, దాని బరువు తెలియకుండా కప్పీల మీంచి వేలాడే తూకపురాళ్ళు, పక్కన కొలబద్ద. గొట్టంలో ఊదితే గాలి డబ్బా కిందకు చేరి దాన్ని పైకెత్తుతుంది. ఎంత లేస్తే అంత ఊపిరి. 1846లో అచ్చయిన ఆయన పరిశోధనలో 2,130 మంది లెక్కలున్నాయి. నావికులు, పోలీసులు, ముష్టియోధులు, అచ్చుపనివాళ్ళు, దిక్కులేని పేదలు, పెద్దమనుషులు, అందరినీ నిలబెట్టి ఊదించాడు. ఎత్తు ఒక అంగుళం పెరిగితే ఊపిరి ఎనిమిది ఘనపు అంగుళాలు పెరుగుతోందని తేలింది. ఈ కొలతకు ఆయన పెట్టిన 'వైటల్ కెపాసిటీ' అన్న పేరు నేటికీ నడుస్తోంది. బీమా కంపెనీలు ఎగబడి కొంటాయని ఆశపడ్డాడు గాని అవి పెద్దగా పట్టించుకోలేదు. 1852లో ఆస్ట్రేలియాకు ఓడెక్కాడు, 1861లో ఫిజీలో పోయాడు.

వందేళ్ళ తర్వాత, 1947లో, ఫ్రెంచి వైద్యుడు రొబేర్ తిఫెనో ఇంకో ప్రశ్న వేశాడు. మొత్తం ఎంత ఊదారన్నది సరే, మొదటి సెకనులో ఎంత ఊదారు? దారి సన్నబడిన ఊపిరితిత్తుల్లోంచి గాలి బయటికి రావడానికి చాలాసేపు పడుతుంది. మొదటి సెకనులో వచ్చింది మొత్తంలో 70 శాతానికి తగ్గితే ఎక్కడో అడ్డున్నట్టే. ఆస్తమా, సీఓపీడీ వంటి జబ్బులు పట్టుబడేది ఇక్కడే. తొట్టి పోయింది, డబ్బా పోయింది, యంత్రం అరచేతిలోకి వచ్చింది. రెండో వరస మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ వరస పుట్టుక అంత శుభ్రమైనది కాదు. 1851లో అమెరికాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే వైద్యుడు నల్లజాతి బానిసల ఊపిరి తెల్లవాళ్ళకన్నా 20 శాతం తక్కువని రాసి, బానిసత్వం వాళ్ళ ఒంటికి మంచిదని వాదించాడు. అంతర్యుద్ధం తర్వాత సైనికులను కొలిచి బెంజమిన్ గూల్డ్ 1869లో అచ్చేసిన పట్టికలు ఆ తేడాకు శాస్త్రం ముద్ర వేశాయి. ఎవరు ఏం తిన్నారు, ఏ పొగలో పనిచేశారు అన్నది ఎవరూ అడగలేదు. తర్వాత వచ్చిన యంత్రాల్లో అది ఒక మీటగా మారింది. నల్లజాతి అని నొక్కితే 10 నుంచి 15 శాతం, ఆసియా అని నొక్కితే 4 నుంచి 6 శాతం 'ఊదాల్సింది' తగ్గిపోతుంది. 1999లో ఓవెన్స్ కార్నింగ్ కంపెనీ బాల్టిమోర్‌లో ఇదే మీటను పట్టుకుంది. ఆస్‌బెస్టాస్ పరిహారం కావాలంటే నల్లజాతి కార్మికులు తెల్లవాళ్ళకన్నా ఎక్కువ దెబ్బతిన్నట్టు చూపాలని వాదించింది.

కొలత నిజమై తీర్పు తప్పడం హైదరాబాదు ఎరగనిది కాదు. 1888, 1889లలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బుతో ఇక్కడ రెండు క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి, ఆ మత్తుమందు ముందు ఆపేది ఊపిరినా గుండెనా అని తేల్చడానికి. నడిపినవాడు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. రెండోసారి లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందల జంతువులకు మత్తిచ్చి ఊపిరినీ రక్తపోటునూ నమోదు చేశారు. ముందు ఆగేది ఊపిరే, గుండె తర్వాత, కాబట్టి నాడి చూడనక్కర్లేదు, ఊపిరి చూస్తే చాలని తేల్చారు. వాళ్ళు గీసిన గీతల్లో అబద్ధం లేదు. కానీ తేలికపాటి మత్తులో, భయంతో ఉన్న ప్రాణికి గుండె ఒక్కసారిగా గతితప్పి ఆగిపోవచ్చని 1911లో ఎ.జి. లెవీ అనే వైద్యుడు పిల్లుల మీద చూపించాడు. హైదరాబాదు కమిషన్ ఆ స్థితిని వెతకలేదు, వెతకనిది దొరకలేదు. ఆ గదుల్లో ఎంత శ్రద్ధ ఉందో తల్చుకుంటే జాలేస్తుంది.

మన రెండో వరసకు వద్దాం. 'ఊదాల్సింది' లెక్కకట్టడానికి ప్రపంచమంతా వాడుకోవాలని 2012లో తయారైన సూత్రాల్లో భారతీయులకు విడిగా గూడు లేదు, 'ఇతరులు' అన్న గంపలోనే సర్దుకోవాలి. మన ఊపిరి సగటున ఐరోపా వాళ్ళకన్నా తక్కువే. ఎత్తులో మొండెం ఎంత, కాళ్ళు ఎంత అన్న తేడా కొంత కారణం. చిన్నప్పటి తిండి, కట్టెపొయ్యి, వీధి దుమ్ము ఇంకొంత. 'మనవాళ్ళకు ఇంతే' అని పట్టిక దించితే ఆకలీ పొగా చేసిన చేటు నార్మల్ అనిపించుకుంటుంది. దించకపోతే ఆరోగ్యంగా ఉన్నవాడు ఉద్యోగపు వైద్యపరీక్షలో తప్పుతాడు. జాతితో పనిలేని సూత్రాలు వాడమని అమెరికా ఛాతీవైద్యుల సంఘం 2023లో చెప్పింది. న్యాయమే, కానీ చిక్కు అంతటితో విడిపోదు.

ఊపిరి కొలత సంగతి ఇది. ఇప్పుడు ఆ ఊపిరి పీల్చే గాలిని ఎలా కొలుస్తున్నారో చూడండి. చార్మినార్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలో, బహదూర్‌పురా జూపార్కులో కాలుష్య నియంత్రణ మండలి కేంద్రం రాత్రీపగలూ గాలిని పీలుస్తుంది. ఇలాంటి కేంద్రాల్లోని యంత్రం సాధారణంగా నిమిషానికి 16.7 లీటర్లు లాగుతుంది, ఊరికే కూర్చున్న మనిషి పీల్చేదానికి రెండింతలు. దుమ్ము ఒక టేపు మీద పడుతుంది, దాంట్లోంచి పంపిన బీటా కిరణాలు ఎంత తగ్గాయో చూసి బరువు కడతారు. సన్నదుమ్ముకు మన దేశంలో రోజు హద్దు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో హైదరాబాదూ ఉంది. దాని మార్కులు దుమ్ము తగ్గిందా అన్నదానికే, ఊపిరి పెరిగిందా అన్నదానికి కాదు.

జూపార్కు టేపు మీద చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్ వెనక గల్లీలు కనిపించవు. అక్కడి చిన్న గదుల్లో నిప్పుల మీద లక్కను మెత్తబరిచి, చుట్టి, రాళ్ళు అద్ది గాజులు చేస్తారు. ఆ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. పనిచేసేవాళ్ళ ముక్కుకూ నిప్పుకూ మధ్య మూరెడు దూరం ఉంటే గొప్ప. నగరం దగ్గర 28 పల్లెల్లో 'చాయ్' అన్న పేరుతో జరిగిన అధ్యయనం మనుషుల ఒంటికే గాలిని కొలిచే యంత్రాలు తగిలించింది ఇందుకే. ఎవరు ఎంత పీలుస్తారన్నది వాళ్ళు చేసే పనిని బట్టి ఉంటుంది.

ఒక లెక్క చూడండి. గాజులు చేసే ముప్పై ఏళ్ళామె మొదటి సెకనులో 2.6 లీటర్లు ఊదుతుంది, ఆమె ఊదాల్సింది 2.4 అనుకుందాం. నూటికి 108. ఆరోగ్యవంతులు ఏటా 25, 30 మిల్లీలీటర్లు పోగొట్టుకుంటారు. ఈమె 60 పోగొట్టుకుంటోంది. పదేళ్ళకు ఆమెది 2.0, పట్టికలోది 2.12. నూటికి 94, కాగితం మీద నార్మల్. పోయింది మాత్రం రెండింతలు. ఏ జాతి పట్టిక పెట్టినా ఇది దొరకదు, పదేళ్ళనాటి ఆమె కాగితం ఉంటేనే దొరుకుతుంది.

కాబట్టి నా ఓటు పట్టికకు కాదు, పాత కాగితానికి. 2018లో మొదలైన బస్తీ దవాఖానాల్లో బీపీ, షుగర్ చూసే బల్ల మీద చిన్న స్పైరోమీటర్‌కు చోటు కష్టం కాదు. అసలు ఖర్చు, ఏడాదికోసారి అదే గల్లీకి వెళ్ళి అవే మనుషులను పిలుచుకొచ్చి ఊదించే ఉద్యోగిది. ఆ జీతం ఆరోగ్యశాఖ ఇవ్వాలా, దుమ్ము తగ్గించడానికి వచ్చే స్వచ్ఛ గాలి నిధుల్లోంచి ఇవ్వాలా అన్నది రెండు శాఖలూ ఒక బల్ల దగ్గర కూర్చుని తేల్చుకోవాలి.