రెండు నిమిషాల విమానయానం

విమాన ప్రయాణం అనగానే దూరదేశాలు గుర్తుకు వస్తాయి. కొండలనూ సముద్రాలనూ దాటి గంటల తరబడి సాగే ప్రయాణం కళ్ళకు కడుతుంది. కాని నడుముకు పట్టీ బిగించుకొని, కిటికీలో నుండి ఒకసారి కిందికి చూసేలోగా ముగిసిపోయే విమాన ప్రయాణం కూడా ఒకటి ఉన్నది.

స్కాట్లండుకు ఉత్తరాన సముద్రంలో ఆర్కినీ దీవులు ఉన్నాయి. ఇవి సుమారు 70. వీటిలో జనం నివసించేవి 20 మాత్రమే. ఈ దీవులన్నింటికీ ముఖ్యపట్టణం కిర్క్‌వాల్. దానికి ఉత్తరాన వెస్ట్రే, పాపా వెస్ట్రే అనే రెండు దీవులు పక్కపక్కనే ఉన్నాయి. వెస్ట్రేలో సుమారు 600 మంది, పాపా వెస్ట్రేలో 100 మంది లోపు నివసిస్తున్నారు. రెండు దీవులలోనూ చెరొక చిన్న విమానాశ్రయం ఉన్నది. రన్‌వే పొడవు అర కిలోమీటరు మాత్రమే.

ఈ రెండు విమానాశ్రయాల మధ్య దూరం 2.7 కిలోమీటర్లు. మన పల్లెలలో కొందరు పిల్లలు బడికి ఇంతకంటె ఎక్కువ దూరమే నడుస్తారు. ప్రయాణకాలం రెండు నిమిషాలు. ప్రపంచంలో క్రమం తప్పకుండా నడిచే విమాన సర్వీసులలో ఇంత చిన్నది వేరొకటి లేదు. దీనిని 1967లో లోగనేర్ అనే సంస్థ ప్రారంభించింది. ఇందుకు వాడే 'ఐలాండర్' విమానంలో ఎనిమిది మంది ప్రయాణికులు కూర్చోవచ్చు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఐలాండర్ గంటకు సుమారు 240 కిలోమీటర్ల వేగంతో ఎగరగలదు. ఆ వేగంతో 2.7 కిలోమీటర్లు దాటడానికి 40 సెకన్లు చాలు. మరి రెండు నిమిషాలు ఎందుకు? విమానం నేల మీద పరుగెత్తి వేగం పుంజుకోవాలి, పైకి లేవాలి. వెంటనే వేగం తగ్గించుకొని దిగాలి. పైగా విమానాలు గాలికి ఎదురుగా లేస్తాయి, గాలికి ఎదురుగానే దిగుతాయి. అందువల్ల ఒక్కొక్కసారి చుట్టు తిరిగి రావలసి ఉంటుంది. గాలి బాగా అనుకూలించిన ఒకనాడు ఈ ప్రయాణం 53 సెకన్లలోనే పూర్తి అయింది. ఇప్పటికీ అదే రికార్డు.

ఇంత కొద్ది దూరానికి విమానం అవసరమా అని అనిపించవచ్చు. నిజానికి ఇది కిర్క్‌వాల్ నుండి బయలుదేరే విమానం. బస్సు ఊరూరా ఆగినట్లు ఇది దీవి దీవికీ ఆగుతుంది. కిర్క్‌వాల్ నుండి వెస్ట్రేకు ఓడలో గంటకు పైగా పడుతుంది. విమానంలో పావుగంట చాలు. ఉపాధ్యాయులు, వైద్యులు, పెద్ద ఆసుపత్రికి వెళ్ళవలసిన రోగులు, విద్యార్థులు ఇందులో ప్రయాణిస్తారు. రెండు దీవుల మధ్య పడవ కూడా నడుస్తుంది. దానికి సుమారు అరగంట పడుతుంది. కాని సముద్రం పోటెత్తినప్పుడు పడవ కదలదు. దట్టంగా మంచు కమ్మితే విమానం లేవదు. ఆనాడు ఎదుట కనిపించే దీవి కూడా దూరదేశమే.

గోదావరి లంకలలో ఉండే వారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఆవలి ఒడ్డు ఎప్పుడూ కంటికి కనిపిస్తూనే ఉంటుంది. వరద వచ్చిననాడు అది అందదు. దూరాన్ని కిలోమీటర్లలో కొలుస్తాం. కాని ఒక ఊరు దగ్గరో దూరమో తేల్చేది మధ్యనున్న దారి.