పసికందు ఒంటిలోని కుంపటి

ధనుర్మాసం వచ్చిందంటే కోరాపుట్ పీఠభూమిలో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపునకు దిగిపోతుంది. పొట్టంగి, సెమిలిగుడ పరిసరాలలో, ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి (1,672 మీటర్లు) సానువులలో చలి మరింత తీవ్రం. రాయగడ జిల్లా నియమగిరి గూడేలలోనూ చలి తక్కువేమీ కాదు. పెద్దలు కంబళి కప్పుకొంటారు, నెగడు చుట్టూ చేరుతారు, వణుకుతారు. వణుకు కండరాలు వేడి పుట్టించుకొనే ఉపాయం. అప్పుడే పుట్టిన శిశువుకు ఆ వణికే శక్తి దాదాపు ఉండదు. మరి ఆ బిడ్డ చలిని ఎట్లా తట్టుకొంటుంది?

గోధుమ కొవ్వు అనే ప్రత్యేక కణజాలం సాయంతో. ఇది మెడ చుట్టూ, రెక్కల ఎముకల నడుమ, మూత్రపిండాల చెంత ఉంటుంది. సాధారణమైన తెల్ల కొవ్వు శక్తిని దాచిపెడితే, గోధుమ కొవ్వు దానిని దహించి వేడిగా మారుస్తుంది. ఇనుము కలిగిన మైటోకాండ్రియాలు కిక్కిరిసి ఉండడం వల్లనే దీనికి ఆ రంగు.

ఈ కణం పుట్టుక ఆశ్చర్యకరమైనది. వంశరీత్యా ఇది కండర కణానికి తోబుట్టువు. పి.ఆర్.డి.ఎమ్.16 అనే ప్రోటీన్ పూర్వకణాన్ని కొవ్వు దారి పట్టిస్తుందనీ, అది లోపిస్తే ఆ కణం కండరంగా మారుతుందనీ 2008లో ఎలుకల కణాలపై జరిగిన పరిశోధన తెలిపింది. మానవ శిశువులో గోధుమ కొవ్వు గర్భంలోని చివరి నెలలలో సమృద్ధి చెందుతుంది. నెలలు నిండక పుట్టిన బిడ్డకు అది కొరవడేది ఇందుకే.

ఇక వేడి పుట్టే తీరు. మన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో ఎత్తున నిలిచిన నీరు టర్బైన్ మీదుగా దూకి విద్యుత్తును ఇస్తుంది. కణంలోనూ ప్రోటాన్లు ఒక పొరకు ఆవల పోగుపడి, టర్బైన్ వంటి ఎంజైము గుండా దిగుతూ ఏ.టి.పి. అనే ఇంధనాన్ని తయారుచేస్తాయి. గోధుమ కొవ్వులో యు.సి.పి.1 అనే ప్రోటీన్ పక్కకాలువ వంటిది. ఒంటికి చలి సోకగానే నాడులు నోరడ్రినలిన్‌ను విడుదల చేస్తాయి. దాంతో కొవ్వు కరిగి ఫాటీ ఆమ్లాలు వెలువడి, ఆ కాలువను తెరుస్తాయి. ప్రోటాన్లు టర్బైన్‌ను తప్పించుకొని దిగుతాయి. శక్తి అంతా వేడిగా మారి, రక్తం ద్వారా ఒళ్ళంతా వ్యాపిస్తుంది.

అయితే ఈ కుంపటికి కొవ్వు, చక్కెర, ప్రాణవాయువు కావాలి. చలి ఎడతెగకపోతే నిల్వలు తరుగుతాయి, రక్తంలో చక్కెర పడిపోతుంది, ప్రాణానికే ముప్పు వాటిల్లుతుంది. కనుక కుంపటి ఆరిపోకుండా చూడడం మన బాధ్యత.

పుట్టిన వెంటనే బిడ్డను పొడిగా తుడవాలి, తలకు టోపీ పెట్టాలి, మొదటి గంటలోనే తల్లిపాలు పట్టాలి. తొలి 24 గంటలు స్నానం చేయించరాదు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను తల్లి రొమ్ముకు నేరుగా ఆనించి ఉంచే కంగారూ సంరక్షణ 1978లో కొలంబియాలోని బొగొటాలో మొదలైంది. ఢిల్లీలోని ఒక ఆసుపత్రి సహా ఐదు దేశాలలో జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, పుట్టిన వెంటనే ఈ పద్ధతి పాటించినందువల్ల శిశుమరణాలు నాలుగింట ఒక వంతు తగ్గాయి.

పాదాలు చల్లగా ఉండి పొట్ట వెచ్చగా ఉంటే, బిడ్డ చలితో పోరాడుతున్నదని గ్రహించాలి. రెండూ చల్లబడితే ఆలస్యం చేయక, గుండెకు హత్తుకొనే ఆసుపత్రికి చేర్చాలి. తల్లి ఒడిని మించిన వెచ్చదనం లేదన్న పెద్దల మాట శాస్త్రరీత్యానూ అక్షరసత్యం.