మీకు తెలుసా? ఏరుపడ్డా తెగని కుటుంబం

నాగార్జునసాగర్ రోడ్డు మీది తుర్కయాంజాల్‌లో ఏ పెద్దమనిషిని కదిపినా "మా కాలంల అందరం ఒక్కతానే ఉండేటోళ్లం" అనే అంటారు. పుస్తకాల్లో దొరికేది కొంచెం వేరు. 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం తరఫున ఎస్.సి. దూబే బృందం హైదరాబాద్‌కు ఉత్తరాన ఉన్న శామీర్‌పేటను పరిశీలించింది. 1955లో వచ్చిన ఆయన పుస్తకం భారతీయ గ్రామాల అధ్యయనానికి దారి వేసిన రచనల్లో ఒకటి. పెళ్లయిన కొన్నేళ్లకే కొడుకులు ఏరుపడటం ఆ ఊళ్లో మామూలు సంగతని దూబే రాశారు. అంటే డెబ్బై ఏళ్ల కిందటే మన పల్లెల్లో చిన్న కుటుంబాలు బాగానే ఉండేవి.

*

జనాభా లెక్కలవాళ్లు కుటుంబాన్ని పొయ్యితో లెక్కగడతారు. ఒక్క వంట తినేవాళ్లంతా ఒక కుటుంబం. 2011లో ఆ లెక్కన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంటికి సగటున నలుగురే. దేశ సగటు ఐదుకు దగ్గరగా ఉంది.

కానీ పొయ్యి వేరైతే కుటుంబం వేరైనట్టేనా? గుజరాత్‌లోని మహువా పట్టణాన్ని పరిశీలించిన ఐ.పి. దేశాయ్ 1964లోనే కాదన్నారు. వేర్వేరు ఇళ్లలో ఉన్నా ఆస్తి, అప్పు, పెళ్లి ఖర్చు, రోగమొస్తే చూసుకోవడం కలిసే ఉంటే అది ఉమ్మడి కుటుంబమే అన్నది ఆయన వాదన. 2014 ఆగస్టు 19న తెలంగాణలో ఒక్కరోజు సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు హైదరాబాద్ రోడ్లు ఖాళీ అయ్యాయి. జనం బస్సులు పట్టుకుని సొంతూళ్లకు పోయారు. పథకాలు పోతాయన్న భయం కొంత ఉండొచ్చు. అయినా ఇంటి లెక్క ఎక్కడుందని అడిగితే వాళ్ల కాళ్లు ఊరి వైపే నడిచాయి.

*

ఈ ఉమ్మడితనాన్ని కళ్లారా చూడాలంటే ఒడి బియ్యం చూడాలి. బియ్యానికి పసుపు, నెయ్యి పట్టించి, కుడుకలు, వక్కలు, ఖర్జూరాలు, రవిక గుడ్డ చేర్చి పుట్టింటివాళ్లు ఆడబిడ్డ కొంగులో పోస్తారు. మూడేళ్లకో ఐదేళ్లకో, బేసి ఏడాదిలో. ఆ బియ్యం ఆమె అత్తగారింటికి తీసుకెళ్లి వండి చుట్టాలకు, వాడకట్టుకు పెడుతుంది. ఈ పిల్లకు వెనక మనుషులున్నారని అత్తగారి ఊరంతటికీ తెలిసేది ఆ పూటే. బంధం ఉందని అనుకుంటే సరిపోదు, నలుగురి ముందు చేసి చూపాలి. నాకు మన ఆచారాలన్నిటిలోకీ గొప్పగా తోచేది ఇదే.

*

ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ 1892లో కుటుంబం మీద ఒక ఉపన్యాసమిచ్చాడు. పూర్వం మనుషుల్ని కలిపి ఉంచింది ఆస్తి అనీ, రానురాను ఆ పట్టు సడలి మనిషికి మనిషే బంధమవుతున్నాడనీ ఆయన అన్నాడు. తుర్కయాంజాల్‌లో ఇప్పుడు ఆ మాటకు పరీక్ష నడుస్తోంది. చేలు ప్లాట్లయ్యాయి, పక్కనే ఆదిభట్లలో ఐటీ క్యాంపస్, దగ్గర్లో ఔటర్ రింగ్ రోడ్డు. దున్నుకునే భూమి అన్నదమ్ముల్ని, పాలోళ్లని ఒక గట్టు మీద నిలబెట్టేది. అమ్ముకునే భూమి సంతకాల కోసమే పిలుస్తుంది.

ఆ సంతకాల్లో అక్కచెల్లెళ్లవీ ఉంటాయి. కొనేవాళ్లు అవి లేకుండా ముందుకు రారు. చాలామంది ఆడబిడ్డలు వాటా అడగకుండానే హక్కు వదులుకుంటారు. అన్నదమ్ములతో పోరు పెట్టుకుంటే పుట్టింటి దారి మూసుకుపోతుందన్న భయమే కారణమని ఆర్థికవేత్త బీనా అగర్వాల్ 1994లో వచ్చిన తన పుస్తకంలో వివరించారు. ఒడి బియ్యం పోసినచోట ఈ భయం మిగలడం అన్యాయం.

*

మరో సంగతి. ఆంధ్ర ప్రాంతంలోని కొన్ని కులాల్లో ఇల్లరికాన్ని బ్రిటిష్ కాలం కోర్టులే ఆచారంగా గుర్తించాయి. ఇల్లరికపుటల్లుడికి ఒప్పందం ప్రకారం మామ ఆస్తిలో వాటా వస్తుంది, అయినా తన పుట్టింటి వాటా పోదు. ఇల్లు మారిన మగవాడికి నిలిచిన హక్కు ఇల్లు మారిన ఆడపిల్లకు నిలవలేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబర్ 5 నుంచి కూతురికీ ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వాటా ఇచ్చింది, దేశం కంటే ఇరవై ఏళ్లు ముందుగా. అయితే అప్పటికే పెళ్లయినవాళ్లకు వర్తించలేదు. 2005 సెప్టెంబర్ 9 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ అడ్డు తీసేసింది. ఆ రోజుకి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందు రిజిస్టరైన పంపకాలను మాత్రం తిరగదోడలేరు. పెద్దమనుషుల ముందు నోటిమాటగా పంచుకున్నామంటే కోర్టు అంత తేలిగ్గా ఒప్పుకోదు. కనుక హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టమని పిలుపొచ్చిన ఆడబిడ్డ ముందు అడగాల్సింది పాత పంపకం దస్తావేజు, దాని మీది తేదీ.