మాటకు మార్కులు వేసే చెవి

టాటానగర్ రైల్వే స్టేషనుకు చేరువలోని బాగ్‌బేరాలో నివసించేవారి చెవికి ఒక్క భాషతో సరిపోదు. హిందీ, బెంగాలీ, ఒడియా, సంతాలీ, హో భాషలకు తోడు, ఉక్కు కర్మాగారంలోను రైల్వేలోను పనులకై జంషెడ్‌పూర్ చేరి తరతరాలుగా స్థిరపడినవారి తెలుగు కూడా ఈ ప్రాంతంలో వినిపిస్తుంది. ఒకరి యాసను మరొకరు అర్థం చేసుకోవడం ఇక్కడ నిత్యకృత్యం. కాని ఇక్కడి తెలుగు యువకుడొకడు విదేశీ విద్యకై ఐఇఎల్‌టిఎస్ పరీక్షకు కూర్చుంటే, అతని ఆంగ్లాన్ని వినే చెవికి ఆ అలవాటు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఆ తేడా మార్కులలో కనబడకూడదు. చెప్పడానికి సులువే!

మాటకు మార్కులు వేయడం నిన్న మొన్నటి పని కాదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం 1913లో మౌఖిక భాగంతో కూడిన ఆంగ్ల ప్రావీణ్య పరీక్షను తొలిసారి నిర్వహించినపుడు హాజరైనవారు ముగ్గురు; ముగ్గురూ తప్పారు. 1989లో మొదలైన ఐఇఎల్‌టిఎస్‌లో నేడు సంభాషణ 11 నుండి 14 నిమిషాలు సాగుతుంది. మొదట ఇల్లు, ఊరు, చదువు; పిమ్మట చీటీపై ఇచ్చిన అంశాన్ని ఒక నిమిషం ఆలోచించి ఒకటి రెండు నిమిషాలు మాట్లాడటం; చివర దానిపై చర్చ. పరీక్షకుడు ప్రశ్నలడుగుతూనే ధారాళతను, పదసంపదను, వ్యాకరణాన్ని, ఉచ్చారణను వేరువేరుగా తూచి, ఒక్కొక్కదానికి 0 నుండి 9 వరకు అంకె వేయాలి. నాలుగింటికీ సమానమైన విలువ. అభ్యర్థి అభిప్రాయం తనకు నచ్చిందా లేదా అన్నదానికి మార్కులు లేవు.

కష్టమంతా ఉచ్చారణ దగ్గరే. తెలుగు మాట అచ్చుతో ముగియడం పరిపాటి కనుక మనవాడి నోట 'బస్' సులభంగా 'బస్సు' అవుతుంది. 'ఎగ్' కాస్తా 'యెగ్' అవుతుంది. తెలుగువారితో మెలగిన పరీక్షకునికి అది వినబడనే వినబడదు. కొత్తవాడు అక్కడ ఒక క్షణం ఆగుతాడు. యాస ఉన్నంత మాత్రాన మార్కు తగ్గించరాదు, అర్థానికి అడ్డుపడితేనే తగ్గించాలన్నది నియమం. అయితే, ఎవరికి అర్థం కావాలి?

ఇది వట్టి అనుమానం కాదు. 2013లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనంలో టోఫెల్ అభ్యర్థుల మాటల రికార్డులను 107 మంది చేత వినిపించి మార్కులు వేయించారు. స్పానిష్ నేర్చుకొన్నవారు స్పానిష్ మాతృభాషగా గలవారి ఆంగ్లం పట్ల, చైనీస్ నేర్చుకొన్నవారు చైనీయుల ఆంగ్లం పట్ల కొంత ఉదారంగా వ్యవహరించారు.

అందుకే పరీక్షకులకు ముందే మార్కులు నిర్ణయించిన రికార్డులు వినిపించి శిక్షణ ఇస్తారు. విచిత్రమేమంటే, శిక్షణతో కఠినుడు ఉదారుడైపోడు. తన కాఠిన్యంలో నిలకడగా ఉండటం నేర్చుకొంటాడు. అదీ మేలే. ఎప్పుడూ ఐదు గ్రాములు ఎక్కువ చూపే త్రాసును లెక్కకట్టి సరిదిద్దవచ్చు. ఉదయం ఒకలాగ, సాయంత్రం మరొకలాగ తూచేదానిని ఏ గణితమూ బాగుచేయలేదు.

ఐఇఎల్‌టిఎస్ సంభాషణ మొత్తం రికార్డవుతుంది. ఫలితంపై సందేహమున్న అభ్యర్థి రుసుము చెల్లించి పునఃపరిశీలన కోరవచ్చు. అప్పుడు మొదటి మార్కు తెలియని మరొక పరీక్షకుడు ఆ రికార్డును మళ్లీ వింటాడు.