పునుకుల గట్లమీది పాఠశాల

ఖమ్మమునుండి భద్రాచలమునకు సాగు అటవీ సీమలో, పాల్వంచ మండలమునందలి పునుకుల గ్రామమున, పత్తికిని మిరపకును కొట్టు పురుగుమందుల అప్పు రైతులను క్రుంగదీయుచుండగా, 1999 ప్రాంతమున ‘సెక్యూర్’ అను స్వచ్ఛంద సంస్థ కార్యకర్తలు పురుగుమందులు లేని వేరొక మార్గమును చూపిరి. అయినను, ఆ మార్గమును నిలిపినవారు ఉపన్యాసకులు కారు, తోటి రైతులే. వేపగింజల కషాయమును, పచ్చిమిరప వెల్లుల్లి కషాయమును, ఎర పంటలను, లింగాకర్షక బుట్టలను తన చేనియందే పరీక్షించి చూచినవాడు పొరుగువాని గట్టున నిలిచి, ఆకు వెనుకనున్న గ్రుడ్లను చూపి చెప్పినచో కలుగు విశ్వాసము, ఎంతటి శాస్త్రజ్ఞుడు సభలో వివరించినను కలుగదు. గూడెములకు క్రొత్తగా వచ్చు యువ సాంఘిక కార్యకర్తలు సయితము ఈ విద్యను, ఇదివరకే అచట తిరిగిన తోటివారి వెంట నడిచియే నేర్వవలెనని నా దృఢ విశ్వాసము.

పునుకులలో ఈ పనియందు పొదుపు సంఘముల స్త్రీలు ముందు నిలిచిరి. వేపగింజలను పొడి చేయుట వారికి జీవనాధారము కూడ నయ్యెను. 2004లో పునుకుల పురుగుమందులను విడిచిన గ్రామముగా ప్రకటించుకొనెను. పిమ్మట గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థయగు ‘సెర్ప్’ ఈ పద్ధతిని నాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునందు వ్యాపింపజేయునపుడు, అనుభవజ్ఞులైన రైతులనే ఇరుగుపొరుగు గ్రామములకు శిక్షకులుగా పంపెను. పునుకులను చూచుటకు పలువురు వచ్చుచుండిరి.